పసుపు పరికిణీ పిల్ల

ఇలా ఫ్యాను కింద కూర్చో నిఖిలా, అక్కడ ఎండ మొహం మీద పడుతుంది. పుంగ్గోల్ నుంచి యీషున్ దాకా రైళ్ళు మారి వచ్చావు, ముందు ఆ కాఫీ తాగు. జంతికలు నేను చేసినవే. గట్టిగా ఉంటే కాఫీలో ముంచుకో, ఇక్కడ చూసేవాళ్ళెవరూ లేరు. ఆ, ఫోటో సంగతేగా, ఫోన్లో చెప్పావు, నాకు మోకాళ్ళు పోయాయి గానీ మతి ఇంకా పోలేదు. మా తోడికోడలు భువన ఫోటో కావాలి, తెలుగు అసోసియేషన్ వాళ్ళ ఫంక్షన్లో పెద్ద తెర మీద వేస్తారు, నేను ముందు వరసలో కూర్చోవాలి, శాలువా కప్పుతారు. పిల్లలు ఆ 'సూరన్న పటాలం' సినిమాలో భోజనాల సీను వేస్తారు. మీ అమ్మాయి సరయు పసుపు పరికిణీ కట్టుకుని సూరన్న విస్తట్లోంచి గారె లాక్కుంటుంది. అంతేనా? ఇంకేమైనా ఉందా? సరే. ఫోటో ఎక్కడికీ పోదు, ముందు నేను చెప్పేది విను.

నువ్వు ఆ సినిమాలు ఫోన్లో ముక్కలు ముక్కలుగా చూసుంటావు. మేం థియేటర్లో చూశాం. అప్పుడు మా నాన్న నేవల్ బేస్‌లో పనిచేసేవాడు, సెంబవాంగ్ క్వార్టర్స్‌లో ఉండేవాళ్ళం, చుట్టుపక్కలంతా మనవాళ్ళే. అక్కడ మద్రాసులో రిలీజైన ఎన్నాళ్ళకో ఇక్కడికి ఓడలో డబ్బాలొచ్చేవి. సూరన్న సినిమా వచ్చిందంటే లారీ మాట్లాడుకుని వెళ్ళేవాళ్ళం, మకాన్ కూడా, అన్నం కూరలు, మూటకట్టుకుని. కథేముంది అందులో? పల్లెటూళ్ళో సూరన్నని ఒక రైతు, లావుపాటి పెళ్ళాం, ఇంటినిండా పిల్లలు. సంతకెళ్తే సొంత పిల్లాణ్ణి వదిలేసి పక్కవాడి పిల్లాణ్ణి భుజాన వేసుకొస్తాడు. నూతి దగ్గర వరసగా నిలబెట్టి స్నానాలు చేయిస్తే పోసినవాడికే మళ్ళీ పోస్తాడు. మొదటిది ఆడింది కదాని సూరన్న పటాలం పట్నం వెళ్ళారు, తీర్థయాత్రకి వెళ్ళారు, ఎలక్షన్లో నిలబడ్డారు, ఇంకా ఏవేవో. మా అత్తగారు కమలాదేవమ్మ పళ్ళు బయటపెట్టి నవ్వడం నేను చూసింది ఆ సినిమాలకే. ఆవిడ కూడా అదే అనేది, 'ఆ పసుపు పరికిణీ పిల్లని చూడవే రత్నం, ఎంత ఆత్రమో దొంగముండకి' అని. పసుపెక్కడిది అసలు? సినిమా నలుపూ తెలుపూ. పోస్టరు గీసినవాడు పసుపు రంగు వేశాడు, జనం దాన్నే పట్టుకున్నారు. వెలిసిపోయిన ఆకుపచ్చ పరికిణీ అది. భువన చెప్పింది నాకు.

ఉండు, అక్కడికే వస్తున్నా. మా మరిది వెంకటరావుకి ఇక్కడ సంబంధాలు కుదరలేదు, కుదరకేం, వాడి కంటికే ఎవరూ ఆనలేదు. మా మామగారు తుని దగ్గర వాళ్ళ ఊరు వెళ్ళి భువనని చేసుకొచ్చారు. సినిమాల్లో వేసిందని ఆడపెళ్ళివాళ్ళు చెప్పలేదు. చెప్తే మా మరిది చేసుకునేవాడు కాదని భయం. ఈ ఫ్లాటు అప్పుడే కొత్తగా ఇచ్చారు, అందరం ఇందులోనే. భువన సన్నగా పొట్టిగా ఉండేది, పెళ్ళికూతురిలా ఉండేది కాదు, స్కూలు పిల్లలా ఉండేది. వచ్చిన మర్నాడే మా అత్తగారు నన్ను కిచెన్లోకి పిలిచి, 'ఇది తిండి తినడం లేదే, ఏమన్నా జబ్బుంటే అంటగట్టారేమో' అంది. నేను గమనించాను. అన్నం కలుపుతుంది, నోట్లో పెట్టుకుంటుంది, దవడకి నొక్కిపెట్టి అలా కూర్చుంటుంది. మనం చూస్తున్నామంటే చాలు, లేచి సింకు దగ్గరికి వెళ్ళి ఉమ్మేసి వస్తుంది. ఎవరూ లేకపోతే మింగుతుంది. అత్తగారు ఊరుకుంటుందా? 'మా ఇంటి కూడు నీకు ఉమ్మేసేలా ఉందా' అని రోజూ పెట్టేది. మా మరిది ఒకసారి మొహం పట్టుకుని తినిపించాడు. పట్టుకుని అంటే ముద్దుగా అనుకునేవు. ముద్దుగా కాదు.

నేనేం చదువుకున్నదాన్ని కాదు, డాక్టర్ని కాదు. నాకు తోచిందేదో చేశాను. మగవాళ్ళు పనులకి పోయాక, మా అత్తగారు బ్లాకు కింద ఖాళీ జాగాలో, వాయిడ్ డెక్‌లో, మలయ్ ముసలావిడ మాచిక్‌తో కబుర్లకి దిగాక, ఇద్దరం కిచెన్లో నేల మీద కూర్చునేవాళ్ళం. నేను కిటికీ వైపు తిరిగేదాన్ని, వెదురు కర్రల మీద ఆరేసిన బట్టలు చూసుకుంటూ. అది నా వీపుకి వీపానించి ఫ్రిజ్ వైపు తిరిగి కూర్చునేది. అలా అయితే తినేది. శుభ్రంగా తినేది, రెండోసారి కూర వేసుకునేది. నేను వెనక్కి తిరక్కుండా గిన్నె అందించడం నేర్చుకున్నా. ఇలా, భుజం మీంచి. నవ్వకు, అలవాటైతే తేలికే. వాళ్ళు హౌగాంగ్‌లో ఫ్లాటు తీసుకుని వెళ్ళిపోయాక కూడా బస్సెక్కి మధ్యాహ్నం భోజనానికి ఇక్కడికే వచ్చేది. మా ఆయన అనేవాడు, 'వాళ్ళింట్లో వండుకోరా' అని. వండుకుంటారు బాబూ, తినడానికే ఇక్కడికి వస్తుంది.

అలా కూర్చున్నప్పుడే చెప్పింది. మొహం కనిపించదు కదా, చెప్పడానికి అదీ సులువే. సూరన్న పిల్లల బట్టలన్నీ మొదటి సినిమాకి ఒకసారి కుట్టించి రేకుపెట్టెలో పెట్టారుట. ప్రతి సినిమాకీ అవే. జనానికి మొహాలు గుర్తుండవు, బట్టలు గుర్తుంటాయి. గళ్ళ చొక్కావాడు, చెవులు మూసే టోపీవాడు, పరికిణీ పిల్ల. చొక్కా పట్టినంతకాలం వాడు ఆ వేషం వేస్తాడు. గుండీ పడలేదా, వాణ్ణి ఇంటికి పంపేసి ఇంకొకణ్ణి అందులో దూరుస్తారు. సూరన్న వేషం వేసినాయన ఏనాడూ పిల్లల పేర్లడగలేదుట. భువన వాళ్ళమ్మ వసుంధర ఈ సంగతి కనిపెట్టింది. తండ్రి లేడు, మద్రాసులో ఒక వరండాలో కాపురం, ఈ పిల్ల వేషమే ఆ ఇంటికి ఆధారం. మరి పిల్ల ఎదిగితే? అందుకని ఎదక్కుండా చూసింది. పొద్దున్న గంజి, సాయంత్రం గంజి. పరికిణీ బొందు ఒకటి తనదగ్గర ఉంచుకుని రోజూ నడుముకి చుట్టి చూసేది. ముడి పడటం కష్టమైతే ఆ పూట గంజి కూడా లేదు. తమ్ముడు ఏడుకొండలుకి పాలు, పెరుగు, నెయ్యి. వాడు మగపిల్లాడు, వాడు ఎదగాలి. ఏంటమ్మా, అలా చూస్తావ్? నేను కల్పించడం లేదు. ఆ తల్లి రాక్షసి అని నువ్వనుకుంటున్నావు, నేనూ అన్నాను. భువన మాత్రం అనలేదు. 'అమ్మ కూడా గంజే తాగేది అక్కా' అంది. నాకు ఒళ్ళు మండిపోయింది. ఇప్పటికీ మండుతుంది.

ఆ గారె సంగతి విను. భోజనాల సీను అన్నారు, విస్తళ్ళేశారు, గారెలు, పులిహోర, బూరెలు. పొద్దున్నుంచి లైట్ల కింద కూర్చోబెట్టారు పిల్లల్ని. ఆ పిల్లలు ఒకటొకటీ తినేస్తుంటే తర్వాత తీసే ముక్కకి విస్తళ్ళు కలవడం లేదని, విస్తళ్ళ మీద కిరసనాయిలు చిలకరించారుట. పిల్లలందరి విస్తళ్ళకీ. సూరన్న విస్తరికి మాత్రం కాదు, ఆయన నిజంగా తినాలి కదా. భువనకి వాసన తెలిసిపోయింది. ఎదురుగా ఆయన విస్తట్లో మంచి గారెలు. ఆయన మాట చెప్తూ పక్కకి తిరిగాడు, ఇది వంగి ఒక గారె లాక్కుని మొత్తం నోట్లో కుక్కేసుకుంది. కళ్ళమ్మట నీళ్ళు, బుగ్గలు ఉబ్బిపోయి. ఆయన ఇటు తిరిగి గారె పోయిందని చూసుకోకుండా ఉత్త చెయ్యి నోట్లో పెట్టుకుని వేలు కొరుక్కున్నాడు. డైరెక్టరు పడీ పడీ నవ్వాడు. అదే ఉంచేశారు. అదీ మీరందరూ ఫోన్లో పంపించుకునే ముక్క. లోకమంతా నవ్విన నవ్వు అదే. ఆకలేసి దొంగతనం చేసిందమ్మా అది. నటించలేదు.

అంతటితో పోతే బాగుండును. జనం నవ్వారని ప్రతి సినిమాలోనూ గారె పెట్టారు. పట్నంలో గారె, రైల్లో గారె, గుళ్ళో గారె. ఒకసారికి కుదరదు కదా, మళ్ళీ మళ్ళీ తీస్తారు. తీసిన ప్రతిసారీ గారె తింటే పరికిణీ పట్టదు. వాళ్ళమ్మ కెమెరా పక్కనే నిలబడేది. కట్ అనగానే వచ్చి గడ్డం కింద చెయ్యి పెట్టేది. 'ఉమ్మెయ్' అనేది. అది ఉమ్మేసేది. రోజంతా గారెలు నోట్లో పెట్టుకుని ఉమ్మి, ఇంటికొచ్చి గంజి తాగేది. ఆ చెయ్యి రాకముందే మింగేస్తే దెబ్బలు. అదీ దవడకి నొక్కిపెట్టే అలవాటు. మా అత్తగారేమో జబ్బంది, మా మరిది పొగరన్నాడు. ఇంకా చిత్రం చెప్పనా? ఇంత చేసినా చివరికి ఎదిగింది. బొందు అందలేదు. ఆ పొద్దున్నే వేరే పిల్లని తెచ్చి పరికిణీ కట్టేశారు. ఆఖరు సినిమాలన్నిటిలో ఉన్నది ఆ పిల్లే. నువ్వు మొన్న నాకు వాట్సాప్‌లో పంపావే, ఎడ్లబండి మీద గారె లాక్కునేది, దాని కింద 'మన సింగపూర్ భువన గారు' అని రాసి? అది మా భువన కాదు. ఎవరి బిడ్డో. దాని గడ్డం కింద ఎవరు చెయ్యి పెట్టారో.

ఇది నేను ఎవరికీ చెప్పలేదు, నా వీపు విన్నది నాలోనే ఉంచుకున్నాను. కానీ ఆ ఏడుకొండలు ఉన్నాడే, వాడు ఎదిగాడు కదా, బాగా ఎదిగాడు, ఆరడుగులు. బావగారింటికి టూరిస్టుగా వచ్చాడు. సెరంగూన్ రోడ్ గుడి దగ్గర భోజనాల్లో ఎవరో సూరన్న పటాలం మాటెత్తితే, 'ఆ పసుపు పరికిణీ పిల్ల మా అక్కే' అన్నాడు ఛాతీ విరుచుకుని. అయిపోయింది. ఆ సాయంత్రానికి ఇక్కడున్న తెలుగువాళ్ళందరికీ తెలిసిపోయింది. మా మరిదికి ఒక గంట కోపం వచ్చింది, సినిమాపిల్లని దాచి చేశారని. తర్వాత అసోసియేషన్ ప్రెసిడెంటు విశ్వేశ్వరరావు గారు ఇంటికొచ్చి దండం పెట్టేసరికి కోపం కాస్తా గర్వమైపోయింది. పెళ్ళాం తిండి తినడం లేదని మొహం పట్టుకు కుక్కినవాడు, 'మా ఆవిడ ఆర్టిస్టు కదండీ, సున్నితం' అనడం నేను ఈ చెవులతో విన్నాను.

ఆ ఉగాది ఫంక్షన్‌కి స్టేజీ మీద బల్ల, అరిటాకు, గారెలు. విశ్వేశ్వరరావు గారు తలపాగా చుట్టుకుని సూరన్నలా కూర్చున్నారు. ఆయన పక్కకి తిరుగుతారు, ఇది గారె లాక్కుని నోట్లో పెట్టుకోవాలి, అంతే. పెద్దమనిషే పాపం, చెడ్డవాడనను. అడగాలని ఆయనకి తోచలేదు, ఎవరికీ తోచలేదు. నేను ముందు రోజు మా మరిదితో చెప్పాను, దాన్ని వదిలెయ్ రా, అది చెయ్యలేదు అని. 'ఒక్క గారె వదినా, ఒక్క గారె నోట్లో పెట్టుకోడానికి ఏం కష్టం' అన్నాడు. భువనతో అన్నాను, వంట్లో బాగోలేదని పడుకోవే, నేను చెప్తాను వాళ్ళకి అని. ఫ్రిజ్ వైపు తిరిగి తినేసి, ఖాళీ గిన్నె నా భుజం మీంచి అందించింది. తర్వాత, 'అక్కా, మింగేస్తాను. ఈసారి నన్ను ఆపేవాళ్ళు ఎవరున్నారు? అందరి ముందూ మింగేసి వస్తాను' అంది. అంత ధైర్యంగా అది మాట్లాడటం నేనెప్పుడూ వినలేదు. నాకు భలే సంతోషమేసింది. చీర నేనే కట్టాను.

ఎక్కింది. గారె తీసుకుంది, నోట్లో పెట్టుకుంది. హాలు హాలంతా లేచి చప్పట్లు, ఈలలు, ఫ్లాష్ లైట్లు. నేను ముందు వరసలోనే ఉన్నాను, అక్కడే, ఇప్పుడు నన్ను కూర్చోమంటున్నావే, ఆ వరసలోనే. దాని గొంతు వంకే చూస్తున్నా. మింగుతుందేమో, ఇప్పుడు మింగుతుందేమో అని. మింగలేదు. శాలువా కప్పారు, మింగలేదు. విశ్వేశ్వరరావు గారు మైకు పట్టుకుని తెలుగు హాస్యం గురించి మాట్లాడారు, మాట్లాడారు, ఆపరే. బుగ్గ ఉబ్బించుకుని నిలబడిందమ్మా అది, నవ్వుతున్న మొహం పెట్టి. జనం అదీ నటనే అనుకున్నారు, ఇంకా నవ్వారు. కిందకి దిగింది. మొగుణ్ణి దాటి, కరచాలనం చెయ్యబోయిన వాళ్ళని దాటి, తిన్నగా నా దగ్గరికొచ్చి నిలబడింది. నా చేతివంకే చూసింది. ఆ చూపు నీకెలా చెప్పను? నేను కొంగు పట్టాను, ఇంకేం చెయ్యను. ఉమ్మేసింది. అంత పెద్దదై, పెళ్ళై, సముద్రం దాటొచ్చి, చిన్నపిల్లలా నా కొంగులో ఉమ్మేసింది. పక్కనున్నావిడ చూసి, 'అయ్యో, గారె సరిగ్గా వేగలేదా అండీ' అంది.

ఆ తర్వాత మధ్యాహ్నాలు వచ్చేది, కూర్చునేది, వీపుకి వీపానించేది. తినడం వినపడేది కాదు. నేను గిన్నె భుజం మీంచి అందిస్తే తీసుకునేది, కాసేపటికి నిండుగానే వెనక్కిచ్చేది. నా దగ్గర కూడా పోయింది, ఆ ఒక్క చోటు కూడా. ఏ పెళ్ళికెళ్ళినా, ఏ పేరంటానికెళ్ళినా ఎవరో ఒకరు గారెల పళ్ళెం పట్టుకుని ఎదురొచ్చేవాళ్ళు, 'భువన గారూ, ఒక్కసారి లాక్కోండి, మా పిల్లలు చూస్తారు' అని. మానేసింది పెళ్ళిళ్ళకీ పేరంటాలకీ వెళ్ళడం. ఇక్కడ చాంగ్ పాంగ్ మార్కెట్టులో ఒక చైనా ముసలావిడ కర్రపెండలం ఉడకబెట్టి కొబ్బరికోరు అద్ది అమ్మేది, అదొక్కటి తినేది. పొట్లం కట్టించుకుని, మా బ్లాకు వెనక గోడకి ఎదురుగా ఉన్న బెంచీ మీద, రోడ్డుకి వీపు పెట్టి. ఆ ముసలావిడకి సూరన్న ఎవరో తెలీదు. బక్కచిక్కి బక్కచిక్కి ఒకరోజు పడిపోయింది, హాస్పిటల్లో వాళ్ళు ఏవేవో పేర్లు చెప్పారు, గుండె అన్నారు, రక్తం అన్నారు. ఆ పేర్లేవీ నాకు అక్కర్లేదు. నాకు తెలుసు.

పెద్దకర్మ రోజున మా మరిది ఏం చేశాడో చెప్పనా? కుప్ప పోయించాడు గారెలు. 'దానికి ప్రాణం వదినా, లోకమంతా చూసింది కదా' అని ఏడ్చాడు. నిజంగానే ఏడ్చాడు, అదీ నాకు మింగుడు పడదు. సముద్రం ఒడ్డున ఆకులో గారెలు పెట్టి కాకుల కోసం చూశారు. ఈ ఊళ్ళో కాకుల్నేమో తుపాకులు పెట్టి తగ్గించేశారు, గోరింక ఒకటి వచ్చి ముక్కుతో కదిపి వదిలేసిపోయింది. నేను సంచీలో కర్రపెండలం పొట్లం తీసుకెళ్ళాను. అందరూ కార్లెక్కాక, గోడ పక్కన పెట్టి, అటు తిరిగి వచ్చేశాను. తిన్నదో లేదో నేను చూడలేదు. చూడకూడదు కదా.

ఇదిగో ఫోటో. తీసుకో, చూడు. మా అబ్బాయి కమల్ చిన్నప్పుడు కొత్త కెమెరాతో గుమ్మంలోంచి తీశాడు. ఈ పక్కన నేను, మొహం కనిపిస్తోందిగా, ఎంత నల్లగా ఉండేదో జుట్టు. ఆ వీపు భువనది. అన్నం తింటోంది. తనవి వేరే ఫోటోలున్నాయి, స్టేజీవి, శాలువావి, మా మరిది దగ్గర ఉంటాయి, హౌగాంగ్ వెళ్ళి అడుగు, సంతోషంగా ఇస్తాడు. నా దగ్గర ఉన్నది ఇదే. ఇది వేస్తామంటే ముందు వరసలో కూర్చుంటాను. లేదంటే రాను. మీ సరయుకి పరికిణీ కట్టి ఆ గారె పెడతావో మానేస్తావో నీ ఇష్టం, నీ పిల్ల. అడిగి చూడు ఆకలేస్తోందా అని, అదొక్కటి అడుగు.

ఏమ్మా, తాగనేలేదే? కాఫీ చల్లారిపోయి ఉంటుంది, మళ్ళీ పెడతానుండు. ఏంటలా ఉన్నావ్, ఆ జంతిక నోట్లో పెట్టుకుని ఎంతసేపైంది? మింగలేదా ఇంకా? అయ్యో తల్లీ. సరే, సరే, నేనిటు కిటికీ వైపు తిరిగి కూర్చుంటాను. వాన పట్టేలా ఉంది, ఎదురు బ్లాకు వాళ్ళు బట్టలు తీసుకోలేదు చూడు.